నల్లబడ్డ దూదిపుల్లలు

టాన్సీ గంటలో వస్తానంది. ఆ మాట కూడా మామూలుగా అనలేదు, "అక్కడే కూచో వదినా, నీ సంగతేంటో నీ వంటింట్లోనే తేలుస్తా" అని ఠపీమని ఫోను పెట్టేసింది. పెట్టేయదూ మరి. పొద్దున్నే ఆడపడుచుకి ఫోన్ చేసి నువ్వు తీసిన గంజాయి బంక ఒట్టి మురికి అన్నాను. నాలుగు చుక్కలు ఎక్కువ రావాలని వేడి పెంచేసి, ఆకులో ఉన్న మైనం, కొవ్వు, నుసి అంతా కలిపి పిండి, సొంత అన్న చేత అదే పీల్పిస్తున్నావు అన్నాను. ఈ కొండల్లో మనిషిని దొంగ అన్నా నవ్వేసి ఊరుకుంటారు. గంజాయి పెంచడం నేరమైన రోజుల్లో ఇక్కడ అందరం చట్టం దృష్టిలో దొంగలమే, హెలికాప్టర్ చప్పుడు వినగానే చెట్ల కింద దూరినవాళ్ళమే. కానీ నీ గంజాయి బంక మురికిది అంటే మాత్రం ఎవరూ ఊరుకోరు. అందులోనూ టాన్సీ. అందులోనూ ఈ పంట కోతల రోజుల్లో. చేతిలో కత్తెర అక్కడే పడేసి బండెక్కి ఉంటుంది. వంతెన దాకా రోడ్డు బాగానే ఉంటుంది గానీ ఆ పైన మట్టిదారి, రాత్రి పడ్డ వానకి గుంతలన్నీ నిండి ఉంటాయి. ప్రతి గుంతలోనూ నన్ను ఒక తిట్టు తిడుతూ వస్తుంది. రానీ.

బల్ల మీద జామ్ సీసాలో స్పిరిట్ పోసి మా ఆయన ఆర్లో బంక వేసి పీల్చే గిన్నెని నానబెట్టాను. బొటనవేలంత గిన్నె, గాజంటే మామూలు గాజు కాదు, ఎర్రగా కాల్చినా పగలని స్ఫటికం. పక్కనే పాత పేపరు మీద రుజువులు పరిచాను. గుప్పెడు దూదిపుల్లలు, ఒక్కొక్కటీ కొసన బొగ్గు నలుపు. ఇవాళ ఉతుకుదామని ఆర్లో కోటు తీస్తే జేబులో దొరికాయి. మేకులు దొరుకుతాయి ఆ జేబులో, తాడుముక్కలు దొరుకుతాయి, ఒకసారి బతికున్న కప్ప దొరికింది. దూదిపుల్లలు దొరకడమేమిటి? గిన్నె తుడిచాక అవి పొయ్యి పక్కన డబ్బాలో పడాల్సినవి, పొయ్యి రాజేసేటప్పుడు చక్కగా అంటుకుంటాయి. వాటిని జేబులో ఎందుకు దాచుకున్నాడు? నాకు తట్టిన జవాబు ఒక్కటే. చెల్లెలి బంక మురికిదని తెలిసింది, నేను చూస్తే దాని మీద విరుచుకుపడతానని భయపడ్డాడు, దాచాడు. ఎంత మెత్తటి మనిషో. కళ్ళలో నీళ్ళు తిరిగాయి కూడా నాకు. వెంటనే ఫోను తీసి సరిగ్గా విరుచుకుపడ్డాను. పొయ్యి మీద చిక్కుడుగింజలు ఉడుకుతున్నాయి, ఉప్పు వేశానో లేదో గుర్తులేదు.

గిన్నె అడుగున నలుపు స్పిరిట్‌లో కరగడం లేదు. మామూలుగా అయితే పచ్చటి పొగలాగా విడిపోతూ సీసాలోకి దిగుతుంది, చూడ్డానికి బావుంటుంది. ఇది దిగడం లేదు. ఒకరోజు ఇదే బల్ల దగ్గర కూచుని టాన్సీయే చెప్పింది నాకు, గిన్నె తగిలించిన నీళ్ళగొట్టంలో ఆవిరి బుడగలు ఆడుతుంటే, మొక్కజొన్న రొట్టె నములుతూ, నోటినిండా తుంపరలతో. "బంకలో అంతా ఎగిరిపోదు వదినా. ముందు వాసన ఎగిరిపోద్ది, తర్వాత పనిచేసేది ఎగిరిపోద్ది. మైనం, కొవ్వు, ఆకు నుసి ఎక్కడికీ పోవు, నీలాగే, చోటు దొరికితే చతికిలబడతాయ్." అందుకే ఎంత శుద్ధంగా తీసినా గిన్నెలో ఎంతో కొంత మిగులుతుంది. మిగిలింది వెచ్చగా ఉండగానే దూదిపుల్లతో ఒక్క తుడుపు తుడిస్తే గిన్నె మళ్ళీ నీళ్ళలా మెరుస్తుంది. తుడవకుండా వదిలి మళ్ళీ మంట పెడితే అది మాడి, గాజుని పట్టుకుని ఇక వదలదు. ఈ కొండ మీద ఎవరింటికి వెళ్ళినా గాజు గొట్టం పక్కన దూదిపుల్లల గ్లాసు ఉంటుంది. వాడినవాడే తుడవాలి. తుడవకుండా పక్కవాళ్ళకి అందించడం తిన్న కంచం వాళ్ళ ముందు పెట్టడమే. ఒకప్పుడు షెరీఫు పోలీసులకి పట్టించినవాళ్ళని కూడా భోజనానికి పిలిచారు గానీ గిన్నె తుడవనివాణ్ణి ఎవరూ రెండోసారి పిలవలేదు.

తుడవడం ఒకటి, ఆగడం ఒకటి. రెండూ ఆర్లో దగ్గర నేర్చుకున్నవే అందరూ. గిన్నెకి మంట పెడతాం, ఎర్రబడుతుంది, మంట తీసేశాక ఆగాలి. ఎర్రటి గిన్నెలో బంక వేస్తే ఎగరాల్సింది కూడా ఎగరకముందే మాడిపోతుంది. నలుపు, చేదు, ఊపిరితిత్తులు చిరిగిపోయే దగ్గు. టాన్సీ పెళ్ళిలో కొత్త పెళ్ళికొడుకు లోవెల్ గొప్పకి పోయి ఎర్రటి గిన్నెలో వేసి, కళ్ళు తేలేసి, చర్చి పెద్ద మీద కక్కినంత పని చేశాడు. ఆర్లో నది ఒడ్డున ఇసుకలో వాణ్ణి కూచోబెట్టి, వీపు నిమురుతూ, చుట్టూ జనం నవ్వుతుంటే, "ఒరే బావా, ఆగడం రానివాడికి మా చెల్లెల్ని ఎలా ఇచ్చాన్రా" అన్నాడు. అప్పుడే పాట నేర్పాడు వాడికి. గడియారం చూసేవాళ్ళంటే నచ్చదు ఆర్లోకి, పాట పాడతాడు. పాటంటే ఏముంది, మా కుక్క బిస్కెట్ గురించి తను కట్టుకున్న పిచ్చిపాట. బిస్కెట్టు గుమ్మం దిగింది, బిస్కెట్టు వాగు దాటింది, మేకని చూసి మొరిగింది, నదిలో మూతి ముంచింది, తోకాడిస్తూ ఇంటికొచ్చింది. కుక్క ఇంటికి రావాలి, అప్పుడు బంక వెయ్యాలి. కుక్క పోయి చాలా కాలమైంది, పాటలో మాత్రం రోజూ వెళ్ళొస్తుంది. పెళ్ళిలో జనమంతా కలిసి పాడారు, లోవెల్ ముక్కు తుడుచుకుంటూ వాడూ పాడాడు.

కిటికీలోంచి ఎండబెట్టే కొట్టం కనిపిస్తోంది. తలుపు తీసే ఉంది, లోపల ఆర్లో ఎత్తు ముక్కాలిపీట మీద కూచుని వేలాడే కొమ్మల కింద ఏదో చేస్తున్నాడు. మంచు కిందికి దిగుతోంది, రెడ్‌వుడ్ చెట్లకి తలలు లేవు. రేడియోలో ఎవరో వాన గురించి మాట్లాడుతున్నారు. కూచునే పని చెయ్యి అన్నాను, కూచునే చేస్తున్నాడు, నా మాట వింటున్నాడంటేనే అనుమానించాల్సింది. ఎప్పుడు విన్నాడు గనక? వెన్నులో గడ్డ తేలినప్పుడు కూడా ఈ పంట కోసేసి వస్తానన్నాడు డాక్టరుతో. ఆవిడ కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టి, "మీ పంట మిమ్మల్ని కోసేస్తుంది" అంది. ఆ చలికాలమంతా నగరంలో ఆస్పత్రిలోనే. కిటికీలోంచి ఇంకో కిటికీ కనిపించే గది. నాకో కుర్చీ, వెనక్కి వాలుతుందని చెప్పారు, వాలలేదు. అందులోనే పడుకున్నాను. ఆర్లో రాత్రిళ్ళు మెలకువ వచ్చినప్పుడల్లా నా మెడ వైపు చూసేవాడు, ఇంటికెళ్ళి పడుకోవే అనేవాడు, ఇల్లేమో అన్ని కొండల అవతల. గడ్డ పోయింది. నొప్పి మళ్ళీ వస్తే ఒక్కరోజు కూడా ఆగకుండా రావాలి అన్నారు. ఒక్కరోజు కూడా. పోయిన నెల ఆస్పత్రి నుంచి ఫోన్ చేసి అడిగారు, ఆర్లో ఇక్కడే ఈ గుమ్మం దగ్గర నిలబడి, "భేషుగ్గా ఉన్నా తల్లీ, మా చెల్లెలి బంక అమృతం" అన్నాడు. నాకు వినపడేలాగే అన్నాడు. ఆ పూట బ్లాక్‌బెర్రీలతో తీపిరొట్టె చేశాను.

అమృతం అన్నాడు. మరి మురికి ఎలా అయింది? చెల్లెలి పరువు కాపాడ్డానికి డాక్టరుతో అబద్ధమాడాల్సిన పనేముంది, డాక్టరుకి టాన్సీ ఎవరో కూడా తెలీదు. గిన్నెని సీసాలోంచి తీసి తుడిచాను. నలుపు కొంత వదిలింది, దాని కింద అడుగున తెల్లటి మసక. గోటితో గీకాను. పోదు. అది మురికి కాదు, గాజే చెడింది. మళ్ళీ మళ్ళీ మరీ ఎక్కువ కాల్చితే స్ఫటికం అలాగే పాలిపోతుంది, ఏ స్పిరిటూ దాన్ని బాగుచెయ్యలేదు. ఈ గిన్నెని నేను ఆర్లో పుట్టినరోజుకి కొన్నాను, పోయిన వసంతంలోనే. అప్పుడు దాని అడుగున వార్తాపత్రిక పెట్టి చదివాం, నీళ్ళలోంచి చదివినట్టు. ఇప్పుడు కింద పెడితే అక్షరాలు కనబడటం లేదు.

టాన్సీ వచ్చేలోపు నేనే చూడాలి. కోర్టుకి వెళ్ళేముందు రుజువు సరిచూసుకోవద్దూ. బంక డబ్బా మూత తీశాను, లేత తేనెరంగు, పైన చిన్న చిన్న పలుకులు, పేరిన నెయ్యి. చూడ్డానికేమీ మురికిగా లేదు, అయినా చూపుకేముంది, లోవెల్ కూడా చూడ్డానికి బావుంటాడు. గిన్నెని గొట్టానికి తగిలించి గ్యాస్ మంట వెలిగించాను. నీలం మంట, బుస్సుమని చప్పుడు. ఈ చప్పుడు నాకు రోజూ వినిపిస్తుంది, నేనిక్కడ గిన్నెలు కడుగుతుంటే వెనక వరండాలోంచి. ఎర్రబడింది. మంట తీసేశాను. పాడాను, లోలోపలే, సిగ్గేసి. గుమ్మం దిగింది, వాగు దాటింది, మేక, నది, మూతి, తోక, ఇల్లు. గోధుమగింజంత వేశాను. బుడగలు ఆడాయి, మెల్లగా, తొందరేమీ లేకుండా. నిమ్మతొక్క, తడిమట్టి, దాని వెనక ఎక్కడో మిరియం. దగ్గు రాలేదు. చాలా రోజులకి పీల్చానేమో భుజాలు చెవుల దగ్గర్నుంచి కిందికి దిగొచ్చాయి, అవి అక్కడున్నాయని కూడా తెలీదు నాకు. దూదిపుల్ల తీసుకుని తుడిచాను. వెలుగులో పెట్టి చూశాను. పల్చటి టీ రంగు.

పల్చటి టీ రంగు అంటే శుద్ధమైన బంక. ఈ కొండ మీద ఇంతకన్నా శుద్ధమైనది ఇంకొకటి ఉండదు. టాన్సీ వేడి పెంచలేదు, టాన్సీ పిండలేదు, టాన్సీ నేను అన్నవేవీ చెయ్యలేదు. కాళ్ళ మీద పడాలి, పడతాను, దానికేముంది. మరి ఈ నల్లవి? అదే డబ్బా, అదే గిన్నె, అదే గొట్టం. మారింది ఏమిటి? మంట మళ్ళీ వెలిగించాను. ఎందుకో నా చేతికే తెలుసనుకుంటా, నాకింకా తెలీదు. ఎర్రబడింది, మంట తీశాను, పాట మొదలుపెట్టాను, గుమ్మం దిగింది, వాగు, అంతే, వేసేశాను. చుయ్యిమంది. పొగ. ఆవిరి కాదు, పొగ, వంటిల్లంతా చేదువాసన. నేను పీల్చలేదు, ముఖం తిప్పుకున్నాను. తుడిచాను. నలుపు. తీసుకెళ్ళి పేపరు మీద వాటి పక్కన పెట్టాను, ఏది నాదో ఏవి ఆర్లోవో నాకే తెలీలేదు.

ఎందుకు వాగు దగ్గర ఆపేశాను పాట? విన్నాను కాబట్టి. రోజూ విన్నాను. గిన్నెలు కడుగుతూ, నీళ్ళ చప్పుడులో, వరండాలోంచి, బిస్కెట్టు గుమ్మం దిగింది, బిస్కెట్టు వాగు, ఆపైన దగ్గు. మొదట్లో ఇంటి దాకా వచ్చేది. ఎండాకాలంలో నదిదాకా వెళ్ళింది, నాకు బాగా గుర్తుంది, నేను కూడా ఇక్కడినుంచి గొంతు కలిపాను. ఆ తర్వాత మేక. ఆ తర్వాత వాగు. పాట మర్చిపోతున్నాడనుకున్నాను, వయసు అనుకున్నాను, నవ్వుకున్నాను కూడా, సొంత కుక్కని వాగు దగ్గర వదిలేసి వచ్చాడు ముసలాడు అని. ఆగడం ఎలాగో ఊరంతటికీ నేర్పిన మనిషి. చేపకోసం వానలో సాయంత్రందాకా కదలకుండా నిలబడే మనిషి. నేను పెళ్ళికి ఒప్పుకునేదాకా రెండు కోతలకాలాలు మా నాన్న వాకిట్లో కట్టెలు చీలుస్తూ ఆగిన మనిషి. కుక్క వాగు దాటి ఇంటికి వచ్చేంతసేపు ఆగలేకపోతున్నాడు. ఆగలేనంతగా ఏముంది అక్కడ? ఏముందో నాకు తెలుసు. వెన్నులో ఉంది. తిరిగొచ్చింది. వచ్చి ఎన్నాళ్ళైందో ఈ పుల్లలన్నిటికీ తెలుసు, నాకు తప్ప. దాచింది చెల్లెలి మురికి కాదు. చల్లారేదాకా ఆగలేని తన నొప్పిని జేబులో వేసుకుని తిరుగుతున్నాడు, నేను చూస్తే మళ్ళీ ఆ ఆస్పత్రి కుర్చీలో పడుకుంటానని. ఓరి దేవుడా, ఒక్కరోజు కూడా ఆగొద్దన్నారు కదా. ఎన్ని రోజులు ఆగాడు. బంక విషయంలో ఆగలేక, డాక్టరు విషయంలో ఆగాడు. చిక్కుడుగింజలు అడుగంటుతున్నట్టున్నాయి, పొయ్యి కట్టేశాను.

బండి వచ్చింది. తలుపు ధడేలుమంది. టాన్సీ బురదబూట్లతోనే లోపలికొచ్చింది, ఒక చేతిలో తన డబ్బా, ఇంకో చేతిలో తన సొంత గిన్నె, నా గిన్నె మీద నమ్మకం లేక తెచ్చుకుంది.

"ఏదీ, ఎక్కడ నా మురికి? చూపించు. నేను వేడి పెంచానా? అమ్మమ్మ కాళ్ళు పట్టినట్టు మెత్తగా నొక్కుతానే నేను! నా బంకని అంటావా, ఆ నోరు..."

టీరంగు పుల్ల తన చేతిలో పెట్టాను. నోరు అక్కడే ఆగింది. వెలుగులో పెట్టి చూసింది.

"ఇది ఎవరిది?"

"నీదే. నేను ఆగి వేసింది." పేపరు మీంచి నల్లది తీసి అందించాను. "ఇది కూడా నీదే. ఆగకుండా వేస్తే ఇలా వచ్చింది. నన్ను తర్వాత తిట్టు టాన్సీ, ఎంతైనా తిట్టు, తప్పంతా నాదే."

"ఆగకుండా ఎవరు వేశారే? నువ్వు అంత..." నా చూపు వెంబడి కిటికీ వైపు చూసింది. నవ్వబోయింది. "అన్నయ్యా? ఛ ఊరుకో. అన్నయ్య ఆగకపోవడమేంటి, నా పెళ్ళిలో లోవెల్ని..."

కుర్చీ లాక్కుని కూచుంది. పేపరు మీద పుల్లలని వేలితో కదిపింది, లెక్కపెడుతున్నట్టు కాదు, ఎవరి తలో నిమురుతున్నట్టు. "ఎప్పట్నుంచి వదినా?"

"కుక్క వాగు దాటి చాలా రోజులైంది."

బండి చప్పుడు విన్నాడు ఆర్లో, రేడియో ఆగింది. కొట్టం నుంచి గుమ్మందాకా నడవడం ఇద్దరం కిటికీలోంచి చూశాం. మామూలుగా నడుస్తున్నాడు. మామూలుగా నడవడానికి ఎంత కష్టపడుతున్నాడో ఇప్పుడు చూస్తే తెలుస్తోంది, చెయ్యి నీళ్ళతొట్టి అంచు మీద, ఆపైన కంచె మీద, ఆపైన గుమ్మం మీద. ఇన్నాళ్ళూ నా కళ్ళు ఏ గడ్డి మేశాయో.

"ఏంటి, తన్నుకోవడం అయిపోయిందా? నన్ను పిలవకుండానే?" అన్నాడు గుమ్మానికి ఆనుకుని. బల్ల మీద పేపరు చూశాడు. "ఓహో. నా జేబులు దులిపారన్నమాట."

నోరు తెరిస్తే అరుస్తాను, అరిస్తే ఏడుస్తాను. మంట వెలిగించి గిన్నె ఎర్రబడేదాకా పట్టుకున్నాను. మంట తీసేశాను. పైకి పాడాను ఈసారి, నా గొంతు బాగోదు, అయినా పాడాను. బిస్కెట్టు గుమ్మం దిగింది. ఆర్లో వచ్చి కుర్చీ వీపు పట్టుకుని నిలబడ్డాడు. బిస్కెట్టు వాగు దాటింది. వేళ్ళ కణుపులు తెల్లబడ్డాయి. మేకని చూసి, అన్నాను. నుదుటి మీద చెమట. టాన్సీ రెండు చేతులతో నోరు మూసుకుంది.

"అది ఇంటికి వచ్చేదాకా ఆగలేనే నోరీన్" అన్నాడు.

"తెలుసు" అన్నాను. "వెయ్యి."

వేశాడు. చుయ్యిమంది, పొగ లేచింది, దగ్గి దగ్గి కుర్చీలో కూలబడ్డాడు. దగ్గు ఆగాక ముఖం మెల్లగా వదులైంది. టాన్సీ లేచి వెళ్ళి అన్న వీపు నిమిరింది, నది ఒడ్డున ఆ రోజు అతను లోవెల్‌ని నిమిరినట్టే, అదే చోట, అదే మెల్లగా.

"కొట్టంలో సగం పంట ఇంకా పచ్చిగానే ఉంది" అన్నాడు.

"నేనుంటా. లోవెల్ని కూడా లాక్కొస్తా. కుళ్ళబెట్టములే నీ పంట" అంది టాన్సీ, ముక్కు ఎగబీలుస్తూ.

"ఆ కుర్చీ వాలదే" అన్నాడు నాతో.

"వాలకపోతే వాలకపోనీ. పొద్దున్నే బయల్దేరుతున్నాం."

ఆర్లో గ్లాసులోంచి దూదిపుల్ల తీసుకుని, ముందుకు వంగి, గిన్నె ఇంకా వేడిగా ఉండగానే లోపలంతా చుట్టూ తుడిచాడు, ఎంత నొప్పిలోనైనా తుడవకుండా వదలడు. పుల్ల నల్లగా వచ్చింది. దాన్ని పట్టుకున్న చెయ్యి అలవాటుగా జేబుదాకా వెళ్ళింది. అక్కడ ఆగింది. తిరిగొచ్చి ఆ నల్లటి పుల్లని నా అరచేతిలో పెట్టింది.